నిదానపు ఊపిరి

స్వరూప కొడుకు ఓంకార్‌కు తొమ్మిదేళ్ళు నిండాయి. వాడికి ఇంకా బోర్లా పడటం రాలేదు.

వాడిలో ఏ లోపమూ లేదు. చూసిన ప్రతి డాక్టరూ మెదడు నిక్షేపంగా ఉందనే చెప్పాడు. వాడు నిదానంగా బతుకుతున్నాడు, అంతే. లోకానికి ఇరవై రోజులు గడిస్తే వాడికి ఒక్కరోజు గడుస్తుంది. వాడితోపాటు పుట్టిన పిల్లలు నాలుగో తరగతికి వచ్చేసరికి వాడు అయిదారు నెలల పసివాడంత అయ్యాడు.

వరంగల్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో, పిల్లల వార్డు వెనకాల, తల్లీకొడుకులకు రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. ముందు గదిలో స్వరూప మంచం, గ్యాస్ పొయ్యి, యూనిఫాం తగిలించే కొక్కెం. లోపలి గదిలో ఓంకార్. వాడి పడక మీద గాజు గొడుగు లాంటిది దించి ఉంటుంది. దాని కింద గాలి చాలా పల్చన. మామూలు మనిషి అందులో తల పెడితే కాసేపటికే కళ్ళు తిరుగుతాయి. ఆ గదిలో దీపం పగలూ రాత్రీ ఒకే తీరుగా వెలుగుతూ ఉండాలి. ఆర్పి వెలిగిస్తూ ఉంటే వాడి కళ్ళకు అది మిణుకుమిణుకుమంటుంది.

స్వరూప ఆర్టీసీలో కండక్టరు. హనుమకొండ నుంచి ఏటూరునాగారం వెళ్ళే బండి ఆమెది. రోజంతా "జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి" అని అరిచి అరిచి, సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి, లోపలి గదిలో కుర్చీ వేసుకుని బొమ్మలా కూర్చుంటుంది. ఒకే చూపు, ఒకే చిరునవ్వు. నడుము పట్టేసినా కదలదు.

కదిలే మనిషి ఓంకార్‌కు కనపడడు. తిరుగుతున్న ఫ్యాను రెక్కలు మనకెలా కనిపిస్తాయో వాడికి మనుషులు అలా కనిపిస్తారు. కదలకుండా ఉండేవాటినే వాడు ఎరుగును. కిటికీ ఊచలు, ఆకుపచ్చ కర్టెన్, ఇనప బీరువా. వాడు మొట్టమొదట నవ్వింది ఆ బీరువాను చూసే. ఆ నవ్వు ముఖమంతా విచ్చుకోవడానికే నిమిషం పట్టింది. ఆ నిమిషంలో స్వరూప వాడికీ బీరువాకూ మధ్యలో చీపురు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వాడి చూపు ఆమెలోంచి వెనక్కి వెళ్ళిపోయింది. నర్సు సుగుణ చప్పట్లు కొట్టి "నవ్వుతుండు, నవ్వుతుండు" అంటుంటే, స్వరూప చీపురు అక్కడే పడేసి ముందు గదిలోకి వెళ్ళి కూర్చుంది.

ఆ మర్నాటి నుంచే కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

*

ఓంకార్ పుట్టినప్పుడు బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. నీలిరంగుకు తిరిగి, తడిగుడ్డలా వేలాడుతూ బయటికొచ్చాడు. ఏడుపు లేదు, ఊపిరి లేదు.

అదే ఆసుపత్రిలో కాన్పుగది పక్కనే డాక్టర్ ఇమ్మానుయేలు ప్రయోగశాల ఉండేది. ఆయనది బాపట్ల దగ్గర. పెళ్ళి చేసుకోలేదు. అప్పటికి పదేళ్ళుగా ఒకే పని మీద ఉన్నాడు. ఊపిరాగి పుట్టిన బిడ్డకు ఎంత ఆక్సిజన్ ఇవ్వాలి అన్నదే ఆ పని. ఒకప్పుడు అలాంటి బిడ్డలకు నిండా ఆక్సిజన్ పెట్టేవారు. అది మెదడుకు చేటని తెలిశాక మామూలు గాలితో మొదలుపెట్టడం వచ్చింది. మరీ ఎక్కువసేపు ఊపిరాగిన బిడ్డకు ఆ మామూలు గాలి కూడా ఎక్కువేనేమో అన్నది ఆయన అనుమానం.

ఎండిన పొలాల అడుగున మట్టిలో కూరుకుని, వానలు పడేదాకా నిద్రపోయే కప్పల ఒంట్లో ఆయన ఒక పదార్థం కనిపెట్టాడు. అది ఎక్కితే మెదడు కణాలు తొందరపడవు. అందిన కాస్త ఆక్సిజన్‌తోనే సర్దుకుంటాయి. తర్వాత రోజురోజుకూ గాలి పెంచుకుంటూ పోవచ్చు.

వరండాలో నిలబడ్డ స్వరూప భర్త మొగిలికి ఆయన ఈ సంగతంతా గబగబా చెప్పాడు. మొగిలి బొగ్గుగనిలో పనిచేసేవాడు.

"గాలి తక్కువిస్తరా? ఊపిరాడని పిలగానికి గాలి తక్కువిస్తే సస్తడు గద సార్!"

"మీ గనిలో మంటలొస్తే ఆ దారి గోడకట్టి మూసేస్తారు కదయ్యా. మళ్ళీ తెరిచేటప్పుడు ఏం చేస్తారు?"

"ఒక్కపారే తెరవం. గాలి జొరబడితే మళ్ల అంటుకుంటది. చిన్న బొక్క పెట్టి..." మొగిలి ఆగిపోయాడు. ఆయన ముఖంలోకి చూశాడు. "పెట్టుండ్రి సార్. ఏదన్న చేసి బతికియ్యుండ్రి."

అంతకుముందు ఆ పద్ధతిలో ఎనిమిది మంది బిడ్డలు బయటపడ్డారు. వారం తిరిగేసరికి మామూలు గాలికి వచ్చి, ఏడ్చి, పాలు తాగి ఇళ్ళకు వెళ్ళారు. ఓంకార్ మాత్రం మామూలు గాలికి రాలేదు. గాలి కొంచెం పెంచితే చాలు, మెదడు చిత్రంలో ఎర్రటి మచ్చలు రాజుకునేవి. తగ్గిస్తే ఆరిపోయేవి. మూడుసార్లు ప్రయత్నించి ఇమ్మానుయేలు చేతులెత్తేశాడు. వాడి ఒళ్ళు ఆ నిదానానికే అలవాటు పడిపోయింది.

మొగిలి నాలుగేళ్ళు ఓపిక పట్టాడు. బిడ్డ ముందు కూర్చుని, కూర్చోలేక లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు "నాతోని అయితలేదు స్వరూపా" అన్నాడు. ఆమె పోట్లాడలేదు. ఇప్పుడు మంచిర్యాలలో అతనికి వేరే సంసారం ఉంది. బతుకమ్మకూ దసరాకూ ఫోన్ చేసి "ఎట్లున్నడు?" అంటాడు. "గట్లనే ఉన్నడు" అంటుంది ఆమె.

*

"వాసన ఆగి ఉంటుందమ్మా," అని ఒకసారి ఇమ్మానుయేలే చెప్పాడు. "నువ్వు వెళ్ళిపోయినా నీ వాసన అక్కడే ఉంటుంది. వాడికి అది తెలుస్తుంది." అప్పటినుంచి స్వరూప కట్టి విప్పిన చీర ముక్క ఒకటి వాడి చెంప దగ్గర పెట్టేది. కొన్ని వారాలకు వాడి ముఖం మెల్లగా అటు తిరిగేది. ముక్కు గుడ్డలో దూరేది. ఆ గుడ్డ మీద ఆమెకు అసూయ పుట్టేది.

వాడికి తొమ్మిదేళ్ళు నిండిన వానాకాలంలో ఒక ఆదివారం ఆమె ఇమ్మానుయేలును అడిగింది.

"సార్, నన్ను గూడ వాని తీరుగ చెయ్యొచ్చా?"

ఆయనకు అర్థం కాలేదు.

"ఒక్కదినం. వానికి ఒక్కదినం. వాడు నన్ను సూడాలె. నేను వాన్ని సూడాలె. తొమ్మిదేండ్ల సంది ఫొటో ముంగట కూసున్నట్టు కూసుంటున్న సార్."

"పెద్దవాళ్ళ మీద ఎప్పుడూ చేయలేదమ్మా. పిచ్చి మాటలు మాట్లాడకు."

ఆమె వారం వారం అడుగుతూనే ఉంది. చివరికి ఇమ్మానుయేలు తన మీదే చేసుకున్నాడు. నమ్మకమైన ఇద్దరు డాక్టర్లను పక్కన పెట్టుకుని, శుక్రవారం పొద్దున ఆ కప్పల మందు ఎక్కించుకుని, ప్రయోగశాలలోనే అలాంటి పల్చని గాలిలో పడుకుని, ఆదివారం లేచాడు. ఆయనకు రెండు గంటలే గడిచినట్టనిపించింది. కిటికీలో వెలుగు రెండుసార్లు పోయి వచ్చింది. డాక్టర్లు గాలివిసురులా వచ్చిపోయారు. ఒంటికి ఏమీ కాలేదు. లేచాక ఫోన్ చూసుకున్నాడు. రెండు రోజుల్లో ఎవరూ చేయలేదు. చాలాసేపు ఆ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం స్వరూపతో అన్నాడు: "ఇరవై రోజులు సెలవు పెట్టు."

*

గాజు గొడుగు తీసేసి లోపలి గది మొత్తాన్నీ పల్చని గాలితో నింపారు. స్వరూప ఓంకార్ పక్కనే పడుకుంది. చేతికి సెలైన్ పెట్టి అందులో ఆ మందు కలిపారు, ముక్కుకు సన్నటి గాలిగొట్టం తగిలించారు. నర్సు సుగుణ ముఖానికి మాస్కు తగిలించుకుని వంగి "భయపడకు అక్కా" అంది. ఆ మాట చివర సన్నగా, దోమ రొదలా అయిపోయింది. సుగుణ ఉన్నచోట ఒక తెల్లటి మసక మిగిలింది. తర్వాత అదీ లేదు.

స్వరూప పక్కకు తిరిగింది.

ఓంకార్ కాళ్ళు తన్నుతున్నాడు.

అంతకాలం ఆమె చూసింది గాలిలో ఆగిపోయినట్టుండే కాళ్ళను. అవి ఇప్పుడు టపటపా కొట్టుకుంటున్నాయి. వాడు పెదవులతో బుడగలు ఊదాడు. బుడగ పగిలితే ఉలిక్కిపడ్డాడు. పిడికిలి మొత్తం నోట్లో పెట్టుకోబోయి కంట్లో పొడుచుకున్నాడు. ముక్కు చిట్లించాడు. ఏ ఇంట్లోనైనా కనిపించే మామూలు పసిబిడ్డ.

వాసన తగిలినట్టుంది, తల తిప్పాడు. ఆమె ముఖం చూశాడు. చీర ముక్క కోసం వెతికాడేమో, మళ్ళీ ముఖం చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడు నవ్వాడు.

నవ్వు అంత చిన్నదని ఆమెకు తెలియదు. వచ్చింది, అయిపోయింది. ఆమె నాలుక బయటపెట్టింది. మళ్ళీ వచ్చింది. ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని తీసింది. వాడు పొట్ట కదిలేలా నవ్వాడు. చప్పుడు మాత్రం లేదు. ఆ నిదానంలో గొంతు పలకదని ఇమ్మానుయేలు ముందే చెప్పాడు. ఆమె పాట పాడింది. తన పాట తనకే వినపడలేదు. కానీ వాడు ఆమె పెదవులనే చూస్తూ తన పెదవులు కదిపాడు.

ఎత్తుకుంది. బరువుగా ఉన్నాడు. ఆమె జుట్టు గుప్పిట పట్టి లాగాడు. ఆమె చీర తడిపాడు. అలిసిపోయి రొమ్ము మీదే నిద్రపోయాడు. ఆమె నిద్రపోలేదు. మళ్ళీ లేచాడు, మళ్ళీ ఆడుకున్నారు.

తన ముక్కు గొట్టంలో గాలి చిక్కబడుతున్న సంగతి ఆమెకు మొదట తెలియలేదు. వాడు జుట్టు పట్టుకుని ఆడుతున్నాడు. కాళ్ళు తన్నడం కాస్త బద్ధకంగా అనిపించింది. నిద్రొస్తుందేమో అనుకుంది. తర్వాత ఒక కాలు పైకి లేచి, దిగడం మర్చిపోయినట్టు అక్కడే ఉండిపోయింది. నవ్వు సగంలో నిలబడింది. దోమ రొద మాటలైంది.

"అక్కా, ఇనవడుతుందా? అక్కా?"

వాడి మీద మళ్ళీ గొడుగు దించాలి. ఆమె జుట్టు ఇంకా వాడి గుప్పిట్లోనే ఉంది. స్వరూప ఒక్కొక్క వేలే విప్పి తీసుకుంది. తాను వెళ్ళిపోయినట్టు వాడికి ఇంకా తెలిసి ఉండదు.

*

తెలియడానికి అరగంట పట్టింది. నవ్వు మెల్లగా చెరిగిపోయింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. కింది పెదవి ముందుకు వచ్చింది. తర్వాత నోరు తెరుచుకుంది.

స్వరూప డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆ నోరు తెరిచి ఉండేది. వచ్చేసరికి తెరిచే ఉండేది. ఒక్కో కన్నీటి బొట్టు చెంప మీదుగా చెవి దాకా జారడానికి చాలాసేపు పట్టేది. ఆమె కుర్చీలో బొమ్మలా కూర్చుని చూసింది. ఇదివరకు అలా కూర్చుంటే వాడు చూసేవాడు. ఇప్పుడు చూసి కూడా ఏడుపు ఆపలేదు. ఆడించే అమ్మ, ఎత్తుకునే అమ్మ వాడికి తెలిసిపోయింది. ఎదురుగా ఉన్నది ఆమె కాదు.

బస్సులో ఎవరో పిల్ల ఏడుస్తుంటే ఆమె టికెట్టు కొట్టడం ఆపేసి అలాగే నిలబడిపోయింది. "ఏమైందమ్మా?" అని డ్రైవర్ అద్దంలోంచి అడిగాడు. ఆమె ఈల వేసి బండి ఆపించి, రోడ్డు పక్కన దిగి ముఖం కడుక్కుంది.

ఆ సాయంత్రం నేరుగా ప్రయోగశాలకు వెళ్ళింది.

"గాలి పెంచుండ్రి సార్."

ఇమ్మానుయేలు కుర్చీలోంచి లేచాడు. "మెదడు దెబ్బతింటుంది. నీకు తెలుసు."

"ఎంత?"

"చెప్పలేను. కాలా, చెయ్యా, చూపా, మాటా... ఏం పోతుందో చెప్పలేను. ఇప్పుడు వాడికి ఏ లోపమూ లేదు స్వరూపా. నువ్వే చూసొచ్చావు."

"సూసొచ్చినందుకే అంటున్న."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు. తర్వాత కిందికి చూస్తూ అన్నాడు: "ఇంకో దారుంది. నువ్వే అటు వెళ్ళిపో. శాశ్వతంగా. నేనున్నాను కదా, మీ ఇద్దరినీ చూసుకుంటాను. రోజూ వస్తాను."

స్వరూప ఆయన వంక చూసింది. ఆ మాట ఆయన ఎంతకాలంగా దాచుకున్నాడో ఆమెకు అర్థమైనట్టే ఉంది. గొంతు తగ్గించి అంది:

"మీరెన్ని దినాలుంటరు సార్? మీ తర్వాత ఎవరు సూస్తరు? వాడు బడికి పోవాలంటే నూరేండ్లు పడ్తది. అప్పటికి ఈ దవాఖాన ఉంటదా? కరెంటు పోతే ఉరికొచ్చేటోళ్ళు ఉంటరా? మా ఇద్దర్ని గాజుపెట్టెల పెట్టి, ఎవలో ఎరుకలేనోళ్ళ చేతుల పెట్టాల్నా?"

ఇమ్మానుయేలు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"వాడు ఏడుస్తుండు సార్. ఏడిస్తే తల్లి ఎత్తుకోవాలె. గంతే. చెయ్యి పోతే పోనీ."

*

మూడు వారాలు పట్టింది. ఇమ్మానుయేలు ఆ క్వార్టర్ ముందు గదిలోనే మకాం పెట్టాడు. ఇన్నేళ్ళలో వాడి ఒళ్ళు కాస్త గట్టిపడింది కాబట్టి ఎర్ర మచ్చలు మునుపటిలా ఒక్కసారిగా పాకలేదు. అయినా రెండో వారంలో ఎడమ వైపు ఒకటి రాజుకుంది. ఆయన గాలి తగ్గించే మర మీద చెయ్యి పెట్టి స్వరూప వైపు చూశాడు.

"ఇప్పుడు ఆపితే ఆరిపోతుంది. మళ్ళీ నిదానంలోకి వెళ్ళిపోతాడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి తీసేశాడు.

మచ్చ రెండు రోజులు మండింది. వాడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. తర్వాత చల్లారింది. వాడి కాళ్ళు కదలడం కంటికి కనపడసాగింది. ముందు బరువుగా, తర్వాత తేలిగ్గా. ఎడమ కాలు ఎక్కువ, కుడి కాలు తక్కువ.

ఒక మధ్యాహ్నం స్వరూప వంట చేస్తుంటే లోపల ఏదో మోటారు తిరుగుతున్నట్టు వినిపించింది. ఇమ్మానుయేలు యంత్రం చెడిందనుకుని పరిగెత్తాడు. యంత్రం బాగానే ఉంది. శబ్దం పడక మీంచి వస్తోంది. లావుగా, ఎక్కడో నేల కిందనుంచి వస్తున్నట్టుగా ఉంది. చూస్తుండగానే సన్నబడింది, పైకి పోయింది, ఏడుపైంది. తొమ్మిదేళ్ళుగా ఎవరూ వినని గొంతు. బొంగురుగా, కోపంగా, గదంతా నిండిపోయేలా.

స్వరూప చేతులకు పిండి అంటుకునే ఉంది. అలాగే ఎత్తుకుంది. వాడు వెంటనే ఊరుకోలేదు. ముఖం ఆమె మెడలో రుద్దాడు. ఊపిరి గట్టిగా పీల్చాడు. వెక్కిళ్ళు మిగిలాయి. ఎడమ చేత్తో ఆమె జాకెట్టు పట్టుకున్నాడు. కుడి చెయ్యి పక్కన ముడుచుకునే ఉంది.

ఇమ్మానుయేలు ఆ కుడి చేతిని మెల్లగా విప్పి చూశాడు. అది మళ్ళీ ముడుచుకుపోయింది. ఆయన ఇంకోసారి విప్పబోతే స్వరూప, "ఉండనియ్యుండ్రి సార్," అంది.

*

ఏడాది తర్వాత హైదరాబాదులో పెద్ద డాక్టర్ల సంఘం ఇమ్మానుయేలును పిలిచింది. ఈ పద్ధతి కొనసాగించాలా వద్దా తేల్చాలి. పొడవాటి బల్ల చుట్టూ పదిమంది కూర్చున్నారు.

"తొమ్మిదో కేసులో మెదడును మీ పద్ధతి కాపాడిందా, లేదా?" అని ఒకాయన అడిగాడు.

"కాపాడింది. నిదానంలో ఉన్నంతకాలం."

"మరి బయటికి ఎందుకు తెచ్చారు?"

"వాళ్ళమ్మ కావాలని ఏడ్చాడండీ."

వాళ్ళు ఇంకా ఏదో చెబుతాడని ఎదురుచూశారు. ఎనిమిది మంది క్షేమంగా ఉన్నారు, నిజమే. తొమ్మిదో బిడ్డ లాంటివాడు మళ్ళీ రాడని తాను పూచీ పడలేనని చెప్పి, ఆపేయమని తానే కోరాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇరవై ఏళ్ళ పని టీ చల్లారేలోగా ముగిసింది.

సాయంత్రం నాంపల్లి స్టేషన్‌లో కాజీపేట వెళ్ళే బండి కోసం నిలబడి స్వరూపకు ఫోన్ చేశాడు. ఆమె ఆసుపత్రి క్వార్టర్ వదిలి హనుమకొండలో ఇల్లు తీసుకుని చాలా నెలలైంది. మోగి మోగి ఆగిపోయింది. కాసేపటికి ఆమే చేసింది.

"సార్, ఫోన్ చేసిన్రా? వీనికి అన్నం పెడుతున్న, సూడలే. ఒక్క చెయ్యితోనే ఇల్లంత జల్లుతుండు. రెండు చేతులుంటే నా బతుకేమయ్యేదో!"

వెనకనుంచి ఒక గొంతు ఆపకుండా ఏదో చెబుతోంది, మాటలు కాని మాటల్లో.

"నడుస్తున్నాడా అమ్మా?"

"గోడ పట్టుకొని నిలవడుతుండు. డాక్టరమ్మ టైం వడ్తదన్నది. పట్టనీ, ఏం తొందర. ఏంది సార్, ఏమన్న పనుండెనా?"

"ఏం లేదమ్మా. ఊరికే చేశాను."

"ఒక్కపారి ఇంటికి రాండ్రి సార్. వాడు మిమ్ముల గుర్తుపట్టడు గని, రాండ్రి. అరే, చెంబు! చెంబు వదులురా..."

ఏదో దొర్లిన చప్పుడు. ఆమె ఫోను పక్కన పెట్టేసినట్టుంది, ఆపడం మరిచిపోయింది. నీళ్ళు ఒలికినందుకు తిట్టింది. వాడు నవ్వాడు. ఆమె ఇంకా తిట్టింది. వాడు ఇంకా గట్టిగా నవ్వాడు. "మింగు, ఇదొక్క ముద్ద. మీ తాత ముద్ద," అంటోంది.

బండి వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఇమ్మానుయేలు ఫోను చెవికి ఆనించుకుని, ఆ ఇంట్లో అన్నం తినడం అయ్యేదాకా ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు.